లంబసింగి చలికి హ్యామక్ కింద ఏ అండర్‌క్విల్ట్ వాడాలి?

డిసెంబరు చివర్లో లంబసింగి, వంజంగి వైపు హ్యామక్‌లో (రెండు చెట్ల మధ్య కట్టే గుడ్డ ఉయ్యాలలో) పడుకోవాలనుకుంటున్నాను. చలి ముదిరితే తెల్లవారుజామున అక్కడ 5 డిగ్రీల లోపుకి దిగుతుంది. స్లీపింగ్ బ్యాగ్ ఉంది కాబట్టి పైన ఇబ్బంది లేదు. కానీ ఒంటి బరువుకి దాని కింది భాగం అణిగిపోయి వీపూ నడుమూ జివ్వుమంటున్నాయి. అందుకే హ్యామక్‌కి బయట, అణగకుండా వేలాడే బొంత, అంటే అండర్‌క్విల్ట్ కావాలి.

బరువు ఒక్కటే చూస్తే 800 ఫిల్ పవర్ (ఎంత పొంగుతుందో చెప్పే కొలత) ఉన్న డౌన్, అంటే బాతుల మెత్తటి ఈకలది మేలు, మడిస్తే చిన్న పొట్లమంత అవుతుంది. నా భయమంతా తేమ గురించే. అక్కడి పొగమంచు ఊరికే కమ్ముకుని పోదు, టార్ప్ (పైన కప్పుగా కట్టే పట్టా) అంచుల నుంచి చుక్కలు చుక్కలుగా కారుతుంది. డౌన్ తడిస్తే పొంగు పోతుంది, దాంతో వెచ్చదనమూ పోతుంది. ఆరబెడదామంటే పొద్దెక్కేదాకా ఎండే రాదు. క్లైమాషీల్డ్ ఏపెక్స్ లాంటి సింథటిక్ దూది తడిసినా కొంత ఆదుకుంటుంది గానీ బరువెక్కువ, బ్యాగులో చోటూ ఎక్కువ తింటుంది. అదే కుట్టించుకుంటే చదరపు మీటరుకు 133 గ్రాములది చాలా, 167 గ్రాములది కావాలా?

మెడ నుంచి మోకాళ్ల దాకా వచ్చే పొట్టి క్విల్ట్ తీసుకుని, పాదాల కింద ఫోమ్ ముక్క పెడదామని కూడా ఉంది. అలా పడుకున్నవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి, రాత్రంతా కాళ్లు వెచ్చగా ఉన్నాయా?