కబ్‌లో ఇంజన్ తలకిందులుగా బిగిస్తే రైట్ థ్రస్ట్ ఏమవుతుంది?

బాల్సా_పిచ్చి: రేడియోతో ఎగరేసే మోడల్ విమానం కడుతున్నా: పైపర్ కబ్ కిట్, 46 సైజు గ్లో ఇంజన్ (ఫ్యూయెల్‌తో నడిచే చిన్న ఇంజన్), 11 అంగుళాల ప్రొపెల్లర్. నిలువుగా బిగిస్తే సిలిండర్ హెడ్ కౌలింగ్ (ముక్కు మీది తొడుగు) మీద కొమ్ములా పొడుచుకొస్తోంది. తలకిందులుగా పెడదామనుకుంటున్నా. ప్లాన్‌లో 2 డిగ్రీల రైట్ థ్రస్ట్ అని ఉంది, అంటే షాఫ్ట్ అంత కుడికి చూడాలి. తిరగేస్తే అది లెఫ్ట్ అవుతుందా? ఇంజన్ బిగించే పలకకి, అదే ఫైర్‌వాల్‌కి, ఇంకా రంధ్రాలు వెయ్యలేదు.

నైట్రో_మావయ్య: అవదు. ఇంజన్‌ని ఎలా పడుకోబెట్టినా ప్రొపెల్లర్ తిరిగే దిక్కు మారదు. వెనక నుంచి చూస్తే సవ్యదిశే. విమానం ఎడమకే లాగుతుంది, షాఫ్ట్ కుడికే చూడాలి. నీ అసలు తలనొప్పి ట్యాంకు. తిరగేస్తే కార్బ్యురేటర్ కిందికి పోతుంది, ట్యాంకు పైనే ఉంటుంది. ఫ్యూయెల్ దానంతటదే కారి ఐడిల్‌లో (నెమ్మదిగా తిరిగేటప్పుడు) ప్లగ్ మునుగుతుంది. హెడ్‌లో ఫ్యూయెల్ నిలిచి ఉండగా స్టార్టర్‌తో బలవంతంగా తిప్పావా, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ట్యాంకు మధ్యగీత కార్బ్యురేటర్ నీడిల్ కన్నా ఒక సెంటీమీటరు లోపే కిందికి ఉండాలి.

ఎడమ_రెక్క: "అవదు" అని అంత ధీమా ఏంటి సార్? ఇంజన్‌ని పట్టి ఉంచే మౌంట్ ఎలాంటిదో అడిగారా? నాది ఇలాగే తిరగేసి బిగిస్తే టేకాఫ్‌లో ఎడమకి గుంజి కంచెలోకి పోయింది.

నైట్రో_మావయ్య: టెయిల్ డ్రాగర్‌కి (తోక కింద చక్రం ఉండే విమానానికి) రడ్డర్ ఇవ్వకపోతే చాలు, ఎడమకి పోవడానికి. ప్రొపెల్లర్ దిక్కు మారుతుందా లేదా? అది చెప్పు.

ఎడమ_రెక్క: ప్రొపెల్లర్ గురించి ఎవరడిగారు?

నైట్రో_మావయ్య: యాభైసార్లు అడిగినా సవ్యదిశే.

బ్యాటరీ_బాబు: కరెంటు మోటార్ పెట్టుకోండి. నాలుగు స్క్రూలతో పని అయిపోతుంది. ఆముదం వాసన కూడా ఉండదు.

నైట్రో_మావయ్య: ఆ వాసన కోసమే కదయ్యా పొద్దున్నే గ్రౌండ్‌కి వచ్చేది!

పసుపు_కబ్: కుడి పక్కకి పడుకోబెట్టండి. అసలు జె-3 కబ్‌లోనే సిలిండర్ హెడ్లు రెండు పక్కలా బయటికి కనిపిస్తాయి. కార్బ్యురేటర్ షాఫ్ట్ ఎత్తుకి వస్తుంది. సైలెన్సర్ పొట్ట కిందికి పోతుంది.

ఎడమ_రెక్క: సరే, ఇక చెప్పేస్తా. నా ఇంజన్ తిరగేసి బిగించింది ఈ మావయ్య గారే. నేను టీ తాగి వచ్చేలోపు విప్పేసి, మౌంట్‌తో సహా తిప్పి పెట్టారు. కోణం ఆ మౌంట్‌లోనే పోతపోసి ఉంది. మూడు నెలలు రాత్రిళ్ళు కూర్చుని కట్టింది సార్ అది. కూలాక పదిమంది ముందు "రడ్డర్ ఇవ్వలేదు" అన్నారు.

నైట్రో_మావయ్య: చూడమన్నది నువ్వే.

ఎడమ_రెక్క: ఐడిల్ నిలబడట్లేదు, చూడండి అన్నా. విప్పమన్లేదు. సీనియర్ అయితే మాత్రం అడగక్కర్లేదా?

బాల్సా_పిచ్చి: ఇప్పుడే కొలిచాను. మౌంట్‌ని టేపుతో ఫైర్‌వాల్‌కి పట్టించి, ప్రొపెల్లర్ అడ్డంగా పెట్టి, ఒక్కో కొస నుంచి తోక దాకా దారం లాగాను. మామూలుగా పెడితే ఎడమ కొస కన్నా కుడి కొస తోకకి దాదాపు 10 మి.మీ. దగ్గర. మౌంట్ తిరగేస్తే ఎడమ కొస దగ్గరైంది.

నైట్రో_మావయ్య: అంటే కోణం మౌంట్‌లో ఉంది. ఫైర్‌వాల్‌లో ఉంటే మారేది కాదు. నేను చెప్పింది ఫైర్‌వాల్ సంగతి.

ఎడమ_రెక్క: ఫైర్‌వాల్ అన్న మాట మీ నోట ఇప్పుడే వింటున్నా.

పసుపు_కబ్: ఆ మౌంట్‌ని పక్కకి తిప్పినా కుదరదు, రైట్ థ్రస్ట్ కాస్తా డౌన్ థ్రస్ట్ అవుతుంది. కోణం లేని మౌంట్ కొని, ఎడమ పక్క బోల్టులకి మౌంట్‌కీ ఫైర్‌వాల్‌కీ మధ్య వాషర్లు వెయ్యండి. ఫైర్‌వాల్ వెనక బోల్టుల్ని పట్టుకునే టీ-నట్లు మరవొద్దు.

బాల్సా_పిచ్చి: పక్కకే పెడుతున్నా. ఆదివారం గ్రౌండ్‌కి తెస్తా.

నైట్రో_మావయ్య: తీసుకురా, చూద్దాం. ఎడమ రెక్కా, నువ్వూ రావయ్యా.

ఎడమ_రెక్క: వస్తా. టూల్‌బాక్స్ మాత్రం కార్లోనే తాళం వేసి ఉంచుతా.