1976 పద్మిని కారు ఇంటికి వచ్చింది: మొదటిసారి పాత కారు కొన్నవాళ్లు ముందుగా ఏం చూసుకోవాలి?

బైరాగిపట్టెడ_పద్మిని (తిరుపతి):
సభ్యులందరికీ నమస్కారం. చిత్తూరులో ఒక పెద్దాయన ఇంటి షెడ్డులో తొమ్మిదేళ్లుగా కదలకుండా ఉన్న 1976 నాటి ప్రీమియర్ పద్మిని కారును పోయిన నెల కొని, లారీ మీద మా ఇంటికి తెచ్చుకున్నాను. నా చిన్నతనంలో మా నాన్నగారు ఇలాంటి కారులోనే మమ్మల్ని కాణిపాకం తీసుకువెళ్లేవారు. స్టీరింగు పక్కన ఉండే గేరు రాడ్డును ఆయన రెండు వేళ్లతో మార్చే తీరు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. వచ్చే వినాయక చవితికి మా అమ్మను ఈ కారులో కాణిపాకం తీసుకువెళ్లాలని నా కోరిక.

నాకు బండి మరమ్మతు గురించి ఏమీ తెలియదు. దగ్గరలోని వర్క్‌షాపు వాళ్లు కొత్త బ్యాటరీ వేసి, కార్బురేటర్ కడిగి ఒక్క రోజులో స్టార్టు చేసి ఇస్తామంటున్నారు. బంధువులేమో ముందు టింకరింగు చేయించి, పెయింటు వేయించమంటున్నారు. చేతిలో ఉన్న డబ్బు రెండింటికీ చాలదు కాబట్టి, ఏ పని ముందో అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరని అడుగుతున్నాను.

గ్రీమ్స్‌పేట_ఫియట్ (చిత్తూరు):
తమ్ముడూ, సంతోషం. నేను 1968 నాటి ఫియట్ 1100 కారును ఇరవై రెండేళ్లుగా నడుపుతున్నాను. నీ బండికీ నా బండికీ పేరులోనే తేడా. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ ఫియట్ పేరుతో తయారుచేసిన బండే డెబ్బైలలో ప్రెసిడెంటుగా, ఆ తరువాత పద్మినిగా మారింది. అదే 1089 సీసీ ఇంజను, అవే నాలుగు గేర్లు, నాలుగు చక్రాలకూ అవే డ్రమ్ము బ్రేకులు.

పెయింటు సంగతి ఈ సంవత్సరానికి మరిచిపో. ఇంజను స్టార్టు చేయించడం కూడా తరువాతి పనే. ముందు బ్రేకుల పని చేయించు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో వివరిస్తాను. బండి కొన్న మూడో వారంలో, ఇంజను గడియారంలా నడుస్తోందన్న ధైర్యంతో, భార్యాపిల్లలతో మదనపల్లె నుంచి తిరుపతికి బయలుదేరాను. భాకరాపేట ఘాటు దిగుతుండగా నాలుగో మలుపులో బ్రేకు పెడలు ఏ పట్టూ లేకుండా నేలకు దిగిపోయింది. మన పాత బండ్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకే బ్రేకు లైను ఉంటుంది కాబట్టి, పెడలు తొక్కినప్పుడు బ్రేకు ఆయిలును నెట్టే మాస్టర్ సిలిండర్‌లోని ఒక్క రబ్బరు చెడితే నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. అప్పటికే రెండో గేరులో ఉండడం వల్ల, హ్యాండ్ బ్రేకు మెల్లమెల్లగా లాగుతూ, కొండ వైపు మట్టికి బండిని ఒరిపించి ఆపగలిగాను. వెనుక సీటులో నా కూతురు నిద్రలో ఉంది. ఆ రోజు తరువాత మరొకరి మాట మీద నమ్మకంతో బ్రేకులను వదిలేయడం మానేశాను.

నాలుగు డ్రమ్ములూ నీ కళ్ల ముందే ఊడదీయించు. చక్రాల దగ్గరి సిలిండర్లను విప్పి లోపల తుప్పు గుంటలు ఉన్నాయేమో చూడాలి. గుంటలు ఉంటే రబ్బరు కిట్టు మార్చినా ప్రయోజనం ఉండదు, సిలిండరే మార్చాలి. రబ్బరు హోసులు పైకి బాగానే కనిపిస్తాయి గాని లోపల ఉబ్బి దారి మూసుకుపోతుంది. అప్పుడు పెడలు వదిలినా చక్రం పట్టుకునే ఉంటుంది. కాబట్టి చూడటానికి బాగున్నా అన్నీ కొత్తవే వేయించు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిలు ఘాటులో వేడికి మరిగి ఆవిరి పుడితే పెడలు మెత్తబడిపోతుంది. పాతదంతా తీసేసి, కొత్త ఆయిలు పోసి, లైనులో గాలి తీయించి, ప్రతి రెండేళ్లకూ మార్చుకుంటూ ఉండు. ఇంజను ఆయిలు చుక్క కూడా అందులో కలవనివ్వకు, రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి.

టైర్ల పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2315 అని ఉంటే 2015వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాట్లు ఎంత లోతుగా ఉన్నా పదేళ్ల టైరును నమ్మవద్దు.

రేణిగుంట_కాగితాలు (రేణిగుంట):
అన్నగారు చెప్పిన పనులు జరుగుతూ ఉండగానే కాగితాల పని మొదలుపెట్టండి, ఎందుకంటే ఆలస్యం అయ్యేది అక్కడే. ముందుగా ఆర్సీలో ఉన్న ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీది నంబర్లతో అక్షరం అక్షరం సరిపోతున్నాయో లేదో చూడండి. పాత బండ్లకు ఎప్పుడో ఇంజను మార్చి, ఆర్సీలో నమోదు చేయించకుండా వదిలేసినవాళ్లు చాలామంది ఉన్నారు. యజమాని పేరు మార్పుకు ఫారం 29, 30 కావాలి. ఆర్సీలో పేరున్న వ్యక్తి కాలం చేసి ఉంటే, ముందు వారసుల పేరు మీదకు ఫారం 31 ద్వారా మారిన తరువాతే మీ పేరుకు వస్తుంది. నేను కొన్న మొదటి బండి విషయంలో ఈ సంగతి తెలియక, వారసులలో ఒకరి సంతకం కోసం పద్నాలుగు నెలలు తిరిగాను.

సొంత కార్ల రిజిస్ట్రేషను మొదట పదిహేనేళ్లు, తరువాత ఐదేళ్లకు ఒకసారి ఫారం 25తో పునరుద్ధరణ. అందుకు బండిని తనిఖీ చేస్తారు కాబట్టి బ్రేకులు, దీపాలు, హారను పనిచేసే స్థితిలో ఉండాలి.

ఇంకొక ముఖ్యమైన విషయం. కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషను నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి యాభై ఏళ్లు దాటి, అసలు రూపం పెద్దగా మారని సొంత వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్తగా చేయించుకోవడానికి రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. మీ 1976 బండికి 2026లో ఆ అర్హత వస్తుంది గనుక ఎవరో ఒకరు తప్పక మీకు ఆ సలహా ఇస్తారు. కాని ఆ నంబరు తీసుకున్న బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు, మరమ్మతు వంటి అవసరాలకు తప్ప మామూలు తిరుగుడుకు రోడ్డెక్కించకూడదు. అమ్మగారిని గుడికి తీసుకువెళ్లాలన్నది మీ ఉద్దేశం కాబట్టి మామూలు రిజిస్ట్రేషనునే పునరుద్ధరించుకోవడం మేలని నా అభిప్రాయం.

మొగిలి_ఘాటు (పలమనేరు):
మా నాన్నగారి 1982 పద్మినిని ఆయన పోయిన తరువాత నేనే నడుపుతున్నాను. తమ్ముడూ, మన వైపు ఎండలో ఈ బండికి వేడి పెద్ద శత్రువు. దీని సిలిండర్ హెడ్డు అల్యూమినియంది కాబట్టి ఒక్కసారి నీళ్లు మరిగినా వంకర తిరిగి, గాస్కెట్టు పోయి, వేలల్లో ఖర్చు తెస్తుంది. చిత్తూరు నుంచి మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు నాకు రెండుసార్లు జరిగింది. రెండోసారి హెడ్డును లేత్ షాపులో సమం చేయించాల్సి వచ్చింది.

కారణం వెదికితే రేడియేటర్లో బోరు నీళ్లు పోయడమే అని తేలింది. మన బోరు నీటిలోని సున్నం సన్నని గొట్టాల లోపల పేరుకుపోతుంది. రేడియేటర్ విప్పించి, గొట్టాలను లోపలి నుంచి గీకించి, శుద్ధి చేసిన నీటిలో కూలెంటు కలిపి పోసిన తరువాత ఇప్పటివరకు మళ్లీ మరగలేదు. నీ బండిలో థర్మోస్టాట్ (ఇంజను తగినంత వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్లోకి పోనివ్వని చిన్న కవాటం) ఉందో లేదో తప్పకుండా చూడు. వేడి ఎక్కుతోందని చెప్పి చాలామంది మెకానిక్కులు దాన్ని తీసి పారేస్తారు. అది లేకపోతే ఇంజను తగిన వేడికి రావడానికి చాలాసేపు పట్టి పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అసలు లోపం మాత్రం రేడియేటర్లో అలాగే ఉండిపోతుంది.

ఎండలో కాసేపు ఆపిన బండి మళ్లీ స్టార్టు కాకపోతే సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీని ఖాళీ చేయకు. ఇంజను వేడికి పెట్రోలు పంపులో ఆవిరి పట్టి ఉంటుంది. పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే చాలు. మా నాన్నగారు డిక్కీలో ఒక బిందె నీళ్లు, రెండు పాత పంచెలు ఎప్పుడూ పెట్టుకునేవారు. నేనూ అలాగే పెట్టుకుంటున్నాను.

చవితి రోజు మాత్రం వద్దు. కాణిపాకంలో ఇరవై ఒక్క రోజుల బ్రహ్మోత్సవాలు ఆ రోజే మొదలవుతాయి, రోడ్డు మీద బండ్లు అంగుళం అంగుళం కదులుతాయి. బండి కదలకపోతే గాలి తగలక ఇంజను వేడెక్కుతుంది. ఇక తిరుమల కొండపైకి పాత బండ్లను అనుమతించే విషయంలో షరతులు ఉంటాయి కాబట్టి, ముందుగా విచారించకుండా అలిపిరి దాకా వెళ్లకు.

నగరి_స్పేర్లు (నగరి):
విడిభాగాలకు చెన్నై వెళ్లడమే మంచిది. కొత్తవి జనరల్ ప్యాటర్స్ రోడ్డులో, వాడినవి పుదుపేటలో దొరుకుతాయి. పాత భాగాన్ని విప్పి వెంట తీసుకువెళ్లండి, ఫోటో చూపిస్తే పొరపాటు జరుగుతుంది. ఇనుప సామాను వాడినదైనా పరవాలేదు గాని రబ్బరు మాత్రం కొత్తదే కొనండి.

బైరాగిపట్టెడ_పద్మిని (తిరుపతి):
పెద్దలందరికీ కృతజ్ఞతలు. బ్రేకుల పని నిన్న మొదలైంది. ట్యాంకులో తొమ్మిదేళ్ల నాటి పెట్రోలు కొంత మిగిలి ఉంది. దానిలోనే కొత్తది కలిపి స్టార్టు చేయవచ్చా? ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇరవై శాతం ఇథనాలు పెట్రోలు ఈ ఇంజనుకు పడుతుందా?

తిరుచానూరు_హెరాల్డ్ (తిరుచానూరు):
కలపవద్దు. అన్ని సంవత్సరాలు నిలవ ఉన్న పెట్రోలు జిగురుగా మారి, తుప్పుతో కలిసి కార్బురేటర్ జెట్లను మూసేస్తుంది. ట్యాంకును దించి కడిగించండి. మద్రాసులో తయారైన 1967 నాటి స్టాండర్డ్ హెరాల్డ్ మాది. ట్యాంకు కడిగించకుండా తొందరపడి స్టార్టు చేసినందుకు కార్బురేటర్ మూడుసార్లు విప్పాల్సి వచ్చింది. స్టార్టు చేసే ముందు పాత ఇంజను ఆయిలు మార్చి, ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్లో రెండు చెంచాల ఆయిలు పోసి, ఒక రాత్రి వదిలేసి, మరునాడు ఇంజనును చేతితో తిప్పి చూడండి. సాఫీగా తిరిగిన తరువాతే సెల్ఫ్ కొట్టండి.

ఇథనాలు విషయానికి వస్తే, ఇంజను దానితో నడుస్తుంది, సమస్యల్లా ఇంధనం నడిచే దారిలోనే. అది పాత రబ్బరు పైపులను, పంపులోని డయాఫ్రమును మెత్తబరుస్తుంది, గాలిలోని నీటిని పీల్చుకొని ట్యాంకు అడుగున తుప్పు పట్టిస్తుంది. ఇథనాలుకు తట్టుకునే రకం పైపులు వేయించి, నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచకుండా, వారానికి ఒకసారైనా బండిని ఇరవై కిలోమీటర్లు తిప్పండి. 2000వ సంవత్సరంలో సీసం కలిసిన పెట్రోలు ఆగిపోయింది. సీసం లేని పెట్రోలుతో పాత ఇంజన్లలో వాల్వు సీట్లు అరిగే అవకాశం ఉంటుంది కాబట్టి ట్యాపెట్ల సందు (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండే ఖాళీ) అప్పుడప్పుడు సరిచూపించుకోండి.

కొర్లగుంట_బ్యాటరీ (తిరుపతి):
ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే పాత పద్ధతి పాయింట్లు, కండెన్సరు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషను పెట్టించుకోండి, రోజువారీ తలనొప్పి ఉండదు.

గ్రీమ్స్‌పేట_ఫియట్ (చిత్తూరు):
ఈ ఒక్క విషయంలో మీతో ఏకీభవించలేను. పాయింట్లు చెడితే రోడ్డు పక్కన ముక్క గరుకు కాగితంతో రుద్ది ఇల్లు చేరవచ్చు. ఎలక్ట్రానిక్ పెట్టె పోతే పూతలపట్టు దగ్గర రాత్రిపూట ఎవరూ బాగుచేయలేరు. పాయింట్లు, కండెన్సరు, రోటరు, ఫ్యాను బెల్టు ఒక్కొక్కటి అదనంగా డబ్బాలో పెట్టుకుంటే సరిపోతుంది. డబ్బు ఖర్చు చేయాలనుకుంటే వైరింగు మీద చెయ్యండి. యాభై ఏళ్ల వైర్ల పైపూత పెళుసెక్కి ఉంటుంది, ఎలుకలు కొరికినవి వేరే ఉంటాయి. బ్యాటరీ దగ్గర ఒక కట్-ఆఫ్ స్విచ్చి, సీటు కింద చిన్న అగ్నిమాపక సిలిండరు తప్పనిసరి.

బైరాగిపట్టెడ_పద్మిని (తిరుపతి):
ఐదు నెలల తరువాత రాస్తున్నాను. డ్రమ్ములు విప్పితే రెండు చక్రాల సిలిండర్లు పూర్తిగా పట్టేసి ఉన్నాయి, ముందు ఎడమ హోసు లోపల పూర్తిగా మూసుకుపోయింది. అలాగే నడిపి ఉంటే ఏమయ్యేదో అన్నగారి అనుభవం చదివినప్పుడల్లా గుర్తుకు వస్తోంది. పలమనేరు అక్కగారు అనుమానించినట్లే థర్మోస్టాట్ లేదు. డ్రైవరు కాళ్ల కింద రేకు తుప్పుపట్టి చిల్లులు పడి ఉంటే అంతమేరకు కోసి కొత్త రేకు వెల్డింగు చేయించాను. పెయింటు జోలికి పోలేదు. రిజిస్ట్రేషను మామూలు పద్ధతిలోనే ఐదేళ్లకు పునరుద్ధరించారు.

చవితి వదిలేసి, కార్తీకంలో ఒక బుధవారం తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరి, ఎండ ఎక్కకముందే అమ్మను కాణిపాకం చేర్చాను. అక్కడే వాహన పూజ చేయించాము. దారి పొడవునా అమ్మ ముందు సీటులోనే కూర్చుంది. వేడి చూపే ముల్లు మధ్య గీత దాటలేదు.

ఒక్క ఇబ్బంది మిగిలింది. రెండో గేరు నుంచి మూడుకు మార్చేటప్పుడు రాడ్డు అప్పుడప్పుడు మధ్యలో పట్టేస్తోంది.

గ్రీమ్స్‌పేట_ఫియట్ (చిత్తూరు):
గేరుబాక్సు విప్పనివ్వకు. స్టీరింగు కింద నుంచి పోయే లింకు రాడ్ల బుష్షులు అరిగి ఉంటాయి. ఆదివారం బండి తీసుకొని మా ఇంటికి రా, నా దగ్గర ఒక జత ఉన్నాయి, ఇద్దరం కలిసి మారుద్దాం.