1951 నుంచి ఎండల్లో మార్పు మ్యాప్ వేయాలి: ఏ గ్రిడ్ డేటా?

పటాలపిచ్చి:
రెండు తెలుగు రాష్ట్రాలకు 1951–2020 మధ్య గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు ఎంత మారాయో మ్యాప్ వేస్తున్నా. ఐఎండీ (భారత వాతావరణ శాఖ) ఒక డిగ్రీ గ్రిడ్, అంటే నేలను గడులుగా కోసి గడికో అంకె ఇచ్చే డేటా, తీసుకోనా, యూరప్ వాళ్ల మోడల్ డేటా ఈఆర్ఏ5-ల్యాండ్ తీసుకోనా? పోలికకు 1961–90 సగటా, 1991–2020 సగటా? ట్రెండ్‌కి, అంటే ఏళ్ల తరబడి పెరుగుతోందా తగ్గుతోందా చెప్పడానికి, ఏ లెక్క వాడుతున్నారు?

ఎండమావి:
ముందు 99.9లు తీసెయ్యండి బాబూ. ఐఎండీ ఉష్ణోగ్రత ఫైల్లో డేటా లేని గడిలో ఆ అంకె ఉంటుంది. నేను వాన ఫైల్లో లాగే -999 తీసేసి హాయిగా పడుకున్నా. తెల్లారి చూస్తే కోస్తా సగటు 60 దాటింది. బంగాళాఖాతం మరుగుతోందా అని మా గైడ్ అడిగారు.

లంబసింగి_చలి:
ఒక డిగ్రీ అంటే దాదాపు 110 కిలోమీటర్లు. లంబసింగి, చింతపల్లి, కొండ కింద నర్సీపట్నం అన్నీ ఒకే గడి. మేం డిసెంబర్లో చలిమంట దగ్గర కూర్చుంటాం, మీ మ్యాప్‌లో మాకూ నర్సీపట్నానికీ ఒకటే రంగు. 9 కిలోమీటర్ల ఈఆర్ఏ5-ల్యాండ్ ఉండగా ఇంకా చర్చ ఎందుకు?

పాతకాపు:
పదిహేనేళ్లుగా ఇదే డేటాతో బతుకుతున్నా, చెబితే వినండి. 9 కిలోమీటర్లకో థర్మామీటర్ ఉందనుకున్నారా? అది మోడల్ లెక్క. ఐఎండీది కొలత.

లంబసింగి_చలి:
కొలతా? ఆ గ్రిడ్‌కి దేశం మొత్తం మీద 395 స్టేషన్లు. మధ్యలో ఉన్నదంతా అదీ లెక్కగట్టిందే కదా సార్. పదిహేనేళ్లలో కనబడలేదా?

పాతకాపు:
మాట జాగ్రత్త తమ్ముడూ. నీ ఈఆర్ఏ5 ఫైల్లో రోజు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం మారుతుంది, అంటే మనకు పొద్దున 5:30. కనిష్ఠం పడేదే ఇంచుమించు ఆ వేళకి. గంటల డేటాని మన టైముకి జరిపాకే రోజు లెక్క తీశావా?

లంబసింగి_చలి:
జరపలేదు. అయినా మీ గడి పెద్దదే.

బేగంపేట_వాసి:
మా బేగంపేట వాతావరణ స్టేషన్ చుట్టూ ఒకప్పుడు ఖాళీ, ఇప్పుడంతా కాంక్రీటు. రాత్రి కనిష్ఠం పెరిగిందంటే అది వాతావరణమా, మా అపార్ట్‌మెంట్లా? మా పై అంతస్తులో రాత్రి 2కి కూడా గోడ కాలుతుంటుంది. ఈ నెల కరెంటు బిల్లు ఎవరికెంత వచ్చింది?

మామిడితోట:
బిల్లు కట్టొచ్చు. రాలిన పిందెలు మళ్లీ అంటించలేం.

పటాలపిచ్చి:
అయ్యా, 1961–90నా, 1991–2020నా?

ఎండమావి:
ఏదైనా ఒకటే. బేస్ మారితే సున్నా గీత జరుగుతుంది, ట్రెండ్ వాలు మారదు. ట్రెండ్ నిజంగా ఉందా చెప్పే మాన్-కెండాల్ పరీక్ష, అది ఎంతో చెప్పే సెన్ వాలు చాలు. ఇంతకీ 99.9లు తీశారా?