అప్‌డేట్: లక్సెంబర్గ్, ఐస్‌లాండ్ తలసరి లెక్క తేలింది

లక్సెంబర్గ్, ఐస్‌లాండ్ రెండూ చిన్న దేశాలే, మరి తలసరి జీడీపీలో (దేశం లోపల ఏడాదిలో జరిగిన ఉత్పత్తి విలువను జనాభాతో భాగిస్తే వచ్చేది) ఐస్‌లాండ్ కన్నా లక్సెంబర్గ్ అంత ముందెందుకుందని ఇంతకుముందు అడిగాను, జవాబు దొరికింది. జీఎన్ఐ (దేశంలో ఉండే మనుషులకు, సంస్థలకు వచ్చే మొత్తం ఆదాయం) చూడమన్నవాళ్లకు చాలా థాంక్స్, పనిచేసిన సలహా అదే.

లక్సెంబర్గ్‌లో ఉద్యోగం చేసేవాళ్లలో దాదాపు సగం మంది ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీల నుంచి సరిహద్దు దాటి వస్తారు. పొద్దున ఫ్రాన్స్‌లోని మెట్జ్‌లో రైలెక్కి, సాయంత్రం ఇంటికి వెళ్లిపోయే మనిషి పని లక్సెంబర్గ్ జీడీపీలో చేరుతుంది. భాగించేటప్పుడు జనాభాలో మాత్రం అతను ఉండడు! జీఎన్ఐలో అతని జీతం, బయటికి పోయే విదేశీ కంపెనీల లాభాలు తీసేస్తారు. అలా చూస్తే తేడా బాగా తగ్గింది. ఐస్‌లాండ్ చుట్టూ సముద్రమే, రోజూ వచ్చిపోయేవాళ్ల సమస్యే లేదు.

ఐస్‌లాండ్ కరెన్సీ క్రోనా మారకం రేటు గురించి నేను పడ్డ టెన్షన్ అనవసరం. నా అంకెలు ముందే కొనుగోలు శక్తి ప్రకారం, అంటే రెండు దేశాల్లో ధరల తేడాను లెక్కలోకి తీసుకుని, సరిచేసినవి.