కారంచేడు, చుండూరు కవిత్వాన్ని క్లాసులో ఎలా చెప్పాలి?

నమస్కారమండీ. డిగ్రీ పిల్లలకు తెలుగు చెబుతాను. ఈసారి ‘చిక్కనవుతున్న పాట’ సంకలనంలోంచి కొన్ని దళిత కవితలు చదివించాలనుకుంటున్నాను. 1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల మీద జరిగిన హత్యాకాండల నీడ ఆ కవిత్వం మీద ఉంది. పిల్లలెవరూ అప్పటికి పుట్టలేదు. కారంచేడులో గొడవ మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైందనీ, బాధితులు చీరాల చేరి శిబిరంలోంచి పోరాడారనీ, చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసిందనీ తెలియకపోతే ఆ కోపం అర్థం కాదు.

నా క్లాసులో అన్ని కులాల పిల్లలూ ఉన్నారు. దళిత విద్యార్థుల్ని లేపి ‘మీ అనుభవం చెప్పండి’ అనడం నాకు ససేమిరా ఇష్టం లేదు. ఆ బరువు వాళ్లది కాదు. మిగతావాళ్లు ‘అదంతా పాతకాలం సార్’ అని తప్పించుకోనూ కూడదు. చంపిన తీరు వర్ణించి ఏడిపించడం అసలే వద్దు.

ఇలాంటి పాఠం చెప్పినవాళ్లున్నారా? ముందు చరిత్ర చెప్పారా, నేరుగా కవిత చదివించారా? చర్చ పెట్టేముందు ఎవరికి వారు రాసుకుంటే మేలనిపిస్తోంది నాకు. ఏ ప్రశ్నలిచ్చి రాయించారు? మాటామాటా పెరిగినప్పుడు ఏం చేశారు? దయచేసి వివరంగా చెప్పండి.