ఉబుంటులో డీ డ్రైవ్ రీడ్ ఓన్లీ అంటోంది, ఏం చేయాలి?

మారతహళ్లి_పీజీ:
ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఒకటే 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. విండోస్ 11, ఉబుంటు లైనక్స్ రెండూ దాని మీదే. డీ డ్రైవ్ విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్. టెర్మినల్లో ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ డ్రైవర్ పెట్టి మౌంట్ చేస్తే (అంటే సిస్టమ్‌కి కలిపితే) తెరుచుకుంటోంది గానీ రీడ్ ఓన్లీ, ఏమీ సేవ్ చేయలేను. ఫైల్స్ యాప్‌లో క్లిక్ చేస్తే అసలు మౌంటే కావట్లేదు. విండోస్‌ని షట్‌డౌన్ చేసే ఇటు వస్తున్నా, హైబర్నేట్ జోలికే పోలేదు. ఇంకోటి, విండోస్‌లోంచి ఉబుంటు హోమ్ ఫోల్డర్ చూడొచ్చా?

సూపర్‌బ్లాక్:
మీరు హైబర్నేట్ చేయలేదు, విండోసే చేస్తోంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినప్పుడు మీ లాగిన్ మాత్రమే ముగుస్తుంది. కెర్నెల్ (విండోస్ మూల భాగం) సెషన్ మొత్తం సీ డ్రైవ్‌లోని హైబర్నేషన్ ఫైల్లోకి వెళ్తుంది. ఆ సెషన్ దృష్టిలో డీ డ్రైవ్ ఇంకా తెరిచే ఉంది. మీరు ఇటునుంచి బలవంతంగా రాశారనుకోండి, విండోస్ మళ్లీ లేచి తన పాత కాష్‌ని దాని మీద రాసేస్తుంది. ఫైళ్లు మాయమయ్యేది అక్కడే. అందుకే ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ రీడ్ ఓన్లీకి దిగుతుంది. లైనక్స్ కెర్నెల్ 5.15తో వచ్చిన, ఫైల్స్ యాప్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్3 డ్రైవర్ అయితే డర్టీ ఫ్లాగ్ (డ్రైవ్ సరిగ్గా మూయలేదనే గుర్తు) చూడగానే మౌంట్ చేయనంటుంది. రెండు చోట్ల రెండు రకాల ఎర్రర్లు రావడానికి కారణం అదే.

కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, 'చూజ్ వాట్ ది పవర్ బటన్స్ డూ'. పైన 'చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్' నొక్కితే గానీ కింద టిక్ కదలదు. 'టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్' టిక్ తీసి సేవ్ చేసి, పూర్తిగా షట్‌డౌన్ చేయండి. తొందరగా ఉంటే రీస్టార్ట్ కొట్టి ఉబుంటులోకి రండి. రీస్టార్ట్‌కి ఫాస్ట్ స్టార్టప్ వర్తించదు. పెద్ద విండోస్ అప్‌డేట్ తర్వాత టిక్ మళ్లీ వచ్చి కూర్చోవచ్చు, ఓసారి చూసుకోండి.

ఉబుంటులో ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ కమాండ్ కొట్టమని ఎవరైనా చెప్తారు. అది విండోస్‌లో డిస్క్ సరిచేసే చెక్‌డిస్క్‌కి బదులు కాదు. చిన్నాచితకా తేడాలు సరిచేసి, జర్నల్ (మార్పుల చిట్టా) ఖాళీ చేస్తుందంతే. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో కరెంటు పోయి డర్టీ అయినా సరే, విండోస్‌లోకి వెళ్లి చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్ నడపడమే పద్ధతి. ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీలోని 'రిమూవ్ హైబర్‌ఫైల్' ఆప్షన్ అయితే విండోస్‌లో సేవ్ కాని పనంతా తుడిచేస్తుంది, దాని జోలికి వెళ్లొద్దు.

ఎఫ్‌స్టాబ్_అన్న:
పైన చెప్పింది అయ్యాక, ప్రతిసారీ క్లిక్ చేసే బాధ లేకుండా ఎఫ్‌స్టాబ్‌లో (బూట్ అప్పుడు ఏ డ్రైవ్‌లు మౌంట్ చేయాలో రాసే ఫైలు) ఒక లైన్ వేసుకో తమ్ముడూ. బీఎల్‌కేఐడీ కమాండ్ కొడితే యూయూఐడీ, అంటే డ్రైవ్ గుర్తింపు కోడ్ వస్తుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ది 16 అక్షరాలే, డాష్‌లతో పొడుగ్గా ఉన్నది ఉబుంటు ఫార్మాట్ ఈఎక్స్‌టీ4ది, పొరబడొద్దు. ఆప్షన్లు: యూఐడీ=1000, జీఐడీ=1000, యూమాస్క్=022, విండోస్_నేమ్స్, నోఫెయిల్. కామాల పక్కన స్పేస్ పడితే లైన్ చదవదు. ఇక్కడ చదవడానికి వీలుగా పెట్టాను, అక్కడ పెట్టొద్దు. నోఫెయిల్ మర్చిపోతే, ఏదో ఒక రోజు డ్రైవ్ మౌంట్ కాక బూట్ ఆగి ఎమర్జెన్సీ మోడ్‌లో పడతావు. విండోస్_నేమ్స్ ఎందుకంటే, కోలన్, ప్రశ్నార్థకం ఉన్న పేర్లతో ఇక్కడ సేవ్ చేసిన ఫైళ్లు అక్కడ తెరుచుకోవు. రీబూట్‌కి ముందే 'మౌంట్ మైనస్ ఏ' కొట్టి చూసుకో.

డీ డ్రైవ్‌లో సినిమాలు, పీడీఎఫ్‌లు పెట్టు. కోడ్ మాత్రం వద్దు. ఈ మౌంట్‌లో సీహెచ్‌మోడ్ (ఫైలు అనుమతులు మార్చే కమాండ్) పని చేయదు, ప్రతి ఫైలూ ఎగ్జిక్యూటబుల్‌గా కనబడుతుంది, కోడ్ మార్పులు గమనించే గిట్ ఏమీ మారని ఫైళ్లని కూడా మారాయంటుంది.

సూపర్‌బ్లాక్:
రెండో ప్రశ్నకి: విండోస్‌కి ఈఎక్స్‌టీ4 చదవడం రాదు. ఆ పార్టిషన్‌కి డ్రైవ్ లెటర్ ఉంటే, క్లిక్ చేయగానే 'ఫార్మాట్ చేయాలి' అని అడుగుతుంది. క్యాన్సిల్ కొట్టండి, ఫార్మాట్ చేస్తే ఉబుంటు పోతుంది. డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్‌లోనే లైనక్స్ నడిపే సౌకర్యం) మౌంట్ కమాండ్ మొత్తం డిస్క్‌ని విండోస్ చేతిలోంచి లాక్కుంటుంది. విండోస్ నడుస్తున్న డిస్క్ మీద అది కుదరదు, మీది ఒకటే ఎస్‌ఎస్‌డీ కదా. రెండో ఎం.2 స్లాట్ ఖాళీగా ఉంటే బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఇంకో ఎస్‌ఎస్‌డీ కొని ఉబుంటుని దాని మీదికి మార్చండి, అప్పుడు పని చేస్తుంది. లేదంటే డిస్క్‌ఇంటర్నల్స్ లైనక్స్ రీడర్ అనే ప్రోగ్రామ్ వాడండి, చదవడం వరకే. పాత ఈఎక్స్‌టీ2ఎఫ్‌ఎస్‌డీ డ్రైవర్‌తో ఇప్పటి ఈఎక్స్‌టీ4లో రాయొద్దు.

మారతహళ్లి_పీజీ:
టిక్ తీశాక డీ డ్రైవ్‌లో ఫైళ్లు సేవ్ అవుతున్నాయి, థ్యాంక్స్ అన్నా. సీ డ్రైవ్ మాత్రం పాస్‌వర్డ్ అడుగుతోంది. ఏం పాస్‌వర్డ్?

సూపర్‌బ్లాక్:
బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి విండోస్ వేసే తాళం. కొత్త ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ తనంతట తనే ఆన్ అయి ఉంటుంది. లాగిన్ పిన్ కాదు, 48 అంకెల రికవరీ కీ కావాలి. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో 'డివైసెస్' కింద ఉంటుంది. క్రిప్ట్‌సెటప్ అనే టూల్ 2.3 వెర్షన్ నుంచి లైనక్స్‌కి ఇది తెరవడం వచ్చు. ఆ కీని ఫోన్‌లోనో కాగితం మీదో కూడా రాసి పెట్టుకోండి. రేపు బయోస్‌లో సెక్యూర్ బూట్ మార్చినా విండోస్ దాన్నే అడుగుతుంది.