‘విలోమ సమస్య’ సరే, ‘స్పష్టత’ సరిపోతుందా?

రాడార్ చిత్రాల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. ఇన్వర్స్ ప్రాబ్లమ్‌కి ‘విలోమ సమస్య’, రిజొల్యూషన్‌కి ‘స్పష్టత’ అని పెట్టాను. అభ్యంతరాలుంటే ఇప్పుడే చెప్పండి, అచ్చయ్యాక తిట్టకండి.

— విలోమ బాగుందండీ. అనులోమ, విలోమ జంట లెక్కల పుస్తకాల్లో అందరూ చదివిందే. వస్తువు ఎలా ఉందో తెలిసి, దాన్ని తాకి తిరిగొచ్చే తరంగాన్ని, విద్యుదయస్కాంత తరంగాల నడకని చెప్పే మాక్స్‌వెల్ సమీకరణాలతో లెక్కకడితే అనులోమం. యాంటెన్నాకి అందిన తరంగాన్ని పట్టుకుని అక్కడ ఏముందో చెప్పాలంటే విలోమం. స్పష్టత మాత్రం ఒప్పుకోను. 150 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ (అంటే వాడే పౌనఃపున్యాల వెడల్పు) ఉన్న రాడార్‌కి, దాని నుంచి దూరంలో మీటరు కంటే తక్కువ తేడా ఉన్న రెండు వస్తువులు ఒకే మచ్చగా కలిసిపోతాయి (కాంతి వేగాన్ని బ్యాండ్‌విడ్త్‌కి రెట్టింపుతో భాగించండి, ఆ మీటరు వస్తుంది). కాంట్రాస్ట్ పెంచి ఆ మచ్చని ఎంత స్పష్టంగా చూపించినా అది రెండు మచ్చలు అవదు. అసలు విషయం విడదీయడం కదా, అందుకే ‘పృథక్కరణ’. నోరు తిరగకపోతే ‘విడదీత’ అనండి, నాకేం పట్టింపు లేదు.

— విలోమ మీద నాకో చిన్న పేచీ ఉంది. మాత్రికకి విలోమం ఉంటే ఒక్కటే ఉంటుంది. విలోమ కావ్యాన్ని వెనక నుంచి చదివినా కవి ముందే కూర్చిపెట్టిన కథే వస్తుంది. ఇక్కడ అలా కాదు, కొలిచిన తరంగం ఒకటే అయినా దానికి సరిపోయే వస్తువులు చాలా ఉండొచ్చు, పైగా కాస్త నాయిస్ కలిసిందంటే సమాధానం ఎక్కడికో పోతుంది. సమాధానం ఉండాలి, ఒక్కటే ఉండాలి, కొలతలో చిన్న తేడాకి తలకిందులు కాకూడదు అని ఫ్రెంచ్ గణితవేత్త హడమార్డ్ పేరుతో చెప్పే షరతుల్లో చివరి రెండూ మామూలుగా ఇక్కడ నిలవవు. టిఖొనోవ్ పద్ధతి నాయిస్‌కి చెదిరిపోకుండా సమాధానానికి కళ్లెం వేస్తుంది గానీ అంచులు మసకబారతాయి. చిత్రంలో బలమైన బిందువులు కొన్నే ఉంటాయని ముందే అనుకుంటే ఆ మీటరు లోపల కూడా విడదీయొచ్చు, కానీ అప్పుడు కనిపించే వివరంలో కొంత మన ఊహ పెట్టిందే. వ్యాసంలో ఈ మాట రాయకుండా ‘విలోమ పద్ధతితో పృథక్కరణ పెరిగింది’ అని వదిలేస్తే చదివేవాళ్లు మోసపోతారు.

— రాస్తాను. విలోమ ఉంచుతున్నా, స్పష్టత తీసేశా. మరి ఆ షరతులు తప్పిన సమస్యని, అదే ఇల్-పోజ్డ్‌ని, ఏమందాం? ‘అస్థిర’ అంటే మూడో షరతు ఒక్కటే వస్తోంది.